అయిదో చక్రం

ట్రైలర్ అనగానే మీకు సినిమా ట్రైలర్ గుర్తొస్తుంది కదా. నాకు మా నాన్న గుర్తొస్తాడు. ముందు ఆరు టైర్ల ఇంజిన్, దాని వెనక పన్నెండు టైర్ల బండి. వైజాగ్ స్టీల్‌ప్లాంట్ నుంచి ఇనప కడ్డీలు, వైర్ రాడ్ చుట్టలు వేసుకుని ఇరవై ఏడేళ్ళు తిరిగాడు. గాజువాకలో మా సందులోకి బండి పట్టేది కాదు. మెయిన్ రోడ్డు మీద ఆపి, భుజాన తువ్వాలు, చేతిలో స్టీలు క్యారియర్‌తో నడిచొచ్చేవాడు. పొద్దున్నే మళ్ళీ ఉండేవాడు కాదు.

ఇంజినీరింగ్ కాలేజీలో "మీ డాడీ ఏం చేస్తారు?" అని ఎవరైనా అడిగితే "ట్రాన్స్‌పోర్ట్ బిజినెస్" అనేదాన్ని. పూర్తిగా అబద్ధం కాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. ఇప్పుడు నాకు ఇరవై ఎనిమిది. రాయదుర్గంలో ఒక కంపెనీలో బ్యాకెండ్ ఇంజినీర్ని. కళ్ళు సరిగ్గా ఆనక నాన్న స్టీరింగ్ వదిలేశాక, కొండాపూర్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్ అద్దెకి తీసుకుని ఇద్దర్నీ తెచ్చుకున్నాను.

ఒక రాత్రి పదకొండింటికి నా క్లాస్‌మేట్ వాట్సాప్‌లో వీడియో పంపింది. పెళ్ళయ్యాక డాలస్ దగ్గర సెటిలైంది తను. వీడియోలో 32 అడుగుల ఇల్లు. ఇల్లంటే నిజంగా ఇల్లే. స్టవ్వు, ఫ్రిజ్, సోఫా, మెట్లెక్కితే పైన బెడ్‌రూమ్. బటన్ నొక్కితే గోడ బయటికి జరిగి హాలు వెడల్పవుతుంది. కింద మాత్రం చక్రాలు. "అత్తయ్యా మామయ్యా ఆరు నెలలుంటారే. హోటళ్ళలో పచ్చడన్నం దొరకదని ఎక్కడికీ రామంటున్నారు. అందుకే ఇల్లే తోకకి కట్టుకుని గ్రాండ్ కాన్యన్ తీసుకెళ్దామని. దీన్ని ఫిఫ్త్‌వీల్ అంటారు, నీకు తెలీదులే" అని వాయిస్ మెసేజ్.

పక్కన టీవీ చూస్తున్న నాన్న తల తిప్పాడు. "ఏటన్నాదీ? ఫిఫ్త్‌వీలా?"

వీడియో చూపించాను. వంటగది చూసి అమ్మ "అబ్బో" అంది. నాన్న వంటగది చూడలేదు. "అదంతా తర్వాత. ముందు అది బండికి ఎక్కడ తగులుతాదో చూపించమను. కింగ్ పిన్ ఏదీ?"

నేను, ఐఐఐటీ పక్కనుంచి రోజూ ఆఫీసుకెళ్ళే ఇంజినీర్ని, కింగ్ పిన్ అంటే ఏంటో గూగుల్ చెయ్యబోయాను. నాన్న ఆగలేదు. వంటింట్లోకెళ్ళి ఇడ్లీ స్టాండు పట్టుకొచ్చాడు. రేకులన్నీ తీసేసి, కడ్డీని తలకిందులుగా పట్టుకుని, ఒక్క రేకు మధ్య కన్నంలోకి దించాడు. "ఈ కడ్డీ వెనక బండి పొట్ట కిందుంటాది. అదే కింగ్ పిన్. ఈ రేకు ముందు బండి వెనక టైర్ల పైనుంటాది. అదే ఫిఫ్త్‌వీల్. పిన్ను లోపలికెళ్ళగానే దవడలు మూసుకుని పట్టేస్తాయి. ఇప్పుడు తిప్పు." తిప్పాను. రేకు మీద కడ్డీ గుండ్రంగా తిరిగింది. "అంతే. బరువు మోసేదీ ఇదే, మలుపు తిరిగేదీ ఇదే."

తర్వాత నేనూ కొంచెం చదివాను. గుర్రబ్బళ్ళ కాలంలో ముందు ఇరుసు అటూఇటూ తిరగడానికి దాని మీద ఇంకో చక్రాన్ని అడ్డంగా పడుకోబెట్టేవారట. నాలుగు నడిచేవి, ఇది అయిదోది. పేరు అక్కణ్నుంచి వచ్చిందే. 1914లో డెట్రాయిట్‌లో ఆగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి, ఒక కలప వ్యాపారి పడవని లాక్కెళ్ళడానికి ఫోర్డ్ మోడల్ టీ కారుకి తగిలించే బండి చేసిచ్చాడు. సెమీ ట్రైలర్ల వ్యాపారం అలా ఊపందుకుంది. ఇక ఇల్లులాంటి ట్రైలర్‌ని ఇలా తగిలించినవాళ్ళలో ముందువరసలో ఉన్నది విమానాలు తయారుచేసిన గ్లెన్ కర్టిస్. 1920ల చివర్లో ఏరోకార్ అని ఒకటి చేశాడు. కారు వెనక భాగంలో విమానం టైరుని అడ్డంగా పడుకోబెట్టి, ట్రైలర్ ముక్కుని దాని మధ్యలో దించేవాడట. ఇది చెబితే నాన్న తెగ సంబరపడ్డాడు. "మేం ఇప్పటికీ ముందుదాన్ని హార్స్ అనే అంటాం. గుర్రం పోయినా పేరు పోలేదు."

సరే, డాలస్ సంగతి. శనివారం వెళ్ళి సంతకాలు పెట్టేస్తారట. ట్రైలర్ ఒకచోట, దాన్ని లాగడానికి కొత్త పికప్ ఇంకోచోట. పికప్ అమ్మేవాడు "11,000 పౌండ్ల దాకా లాగుతుంది, మీ ట్రైలర్ నిండా సామానేసినా 9,500 దాటదు, హాయిగా వెళ్ళండి" అన్నాడట. లెక్క సరిపోయింది కదా అనుకున్నాను నేను కూడా.

నాన్న వీడియో కాల్‌లోకి వచ్చాడు. "అమ్మా, లాగడం సంగతి వదిలెయ్. అది ఎవడన్నా లాగుతాడు. ముందు బండి వీపు మీద ఎంత బరువు పడతాది?"

ఇక్కడే అసలు కిటుకుంది. మామూలు ట్రైలర్‌ని కారు వెనక బంపర్ కిందుండే బంతికి తగిలిస్తారు. దాని బరువులో పది నుంచి పదిహేను శాతం ఆ బంతి మీద పడుతుంది. ఫిఫ్త్‌వీల్ అలా కాదు. ముక్కు నేరుగా పికప్ తొట్టిలో, వెనక ఇరుసు మీదికి వచ్చి కూర్చుంటుంది. అందుకే గాలికి ఊగదు, మలుపులో బుద్ధిగా వస్తుంది. కానీ బరువులో పదిహేను నుంచి పాతిక శాతం దాకా పికప్ వీపు మీదే. అయిదో వంతు వేసుకున్నా 9,500కి 1,900 పౌండ్లు. మన లెక్కలో 860 కిలోలు.

పికప్ ఎంత మోయగలదో బ్రోషర్‌లో వెతకొద్దు. డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభానికి ఒక స్టిక్కర్ ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదు అని సరిగ్గా ఆ ఒక్క బండికే రాసి ఉంటుంది. మావాళ్ళు చూసొచ్చిన దాని మీద 1,480 పౌండ్లని ఉంది. ట్రైలర్ ముక్కు ఒక్కటే 1,900. ఆ పైన అయిదుగురు మనుషులు, ఫిఫ్త్‌వీల్ ప్లేటు బరువు, అత్తగారి పచ్చళ్ళ జాడీలు. లాగడానికి 1,500 పౌండ్లు మిగులున్న బండి, మోయడానికి వచ్చేసరికి వెయ్యికి పైగా తక్కువ.

ఫోన్‌లో అటువైపు నిశ్శబ్దం. తర్వాత తన భర్త గొంతు, "మరి పెద్ద ఇంజిన్ తీసుకుంటే సరిపోతుందా అంకుల్?"

"ఇంజిన్ కాదు బాబూ. చట్రం, ఇరుసు, స్ప్రింగులు, టైర్లు, బ్రేకులు. ఇంజిన్ కొండెక్కిస్తాది. దిగేటప్పుడేం చేస్తావు?"

అప్పుడు చెప్పాడు సుంకి ఘాట్ సంగతి. సాలూరు దాటి ఒడిశాలోకి ఎక్కే కొండదారి. నాకు నాలుగేళ్ళప్పుడట. కొరాపుట్ వైపు నుంచి బరువుతో దిగుతూ, త్వరగా ఇల్లు చేరాలని పై గేరులో వదిలాడు. నాలుగు మలుపులు తిరిగేసరికి బ్రేకులు కాలి పొగ. పెడల్ తొక్కితే గట్టిగానే ఉంది, బండి మాత్రం ఆగట్లేదు. వెనకున్న ఇనుము ముందుదాన్ని తోస్తోంది. ఎడమవైపు కొండకి రాసుకుంటూ, రాళ్ళకి టైర్లు ఒరిపించి ఆపాడు. రెండు టైర్లు పోయాయి. ఓనరు జీతంలో కోశాడు. "ఎక్కడానికి ఏ గేరు పడిందో దిగడానికీ అదే గేరు. అప్పట్నుంచీ అంతే." ఈ సంగతి అమ్మకీ తెలీదు. ఆ రాత్రే మొదటిసారి వింది. ఏమీ అనలేదు, లేచి నాన్నకి పాలు కాచి తెచ్చింది.

డాలస్ వాళ్ళు ఆ శనివారం సంతకాలు పెట్టలేదు. తర్వాత మూడు వారాలు మా ఇంట్లో రాత్రిళ్ళు ఇదే గోల. అమెరికాలో పికప్‌లని హాఫ్ టన్, త్రీక్వార్టర్ టన్, వన్ టన్ అని పిలుస్తారు. ఫోర్డ్‌లో ఎఫ్-150, 250, 350. రామ్‌లో 1500, 2500, 3500. పాతకాలంలో మోసే బరువుని బట్టి పెట్టిన పేర్లు, ఇప్పుడు ఆ అంకెలకి నిజం బరువుతో సంబంధం లేదు. మావాళ్ళు మధ్యదైన త్రీక్వార్టర్ టన్ డీజిల్ చూశారు. అక్కడో తమాషా. డీజిల్ ఇంజినే బోలెడు బరువు, ఆ బరువు కూడా మోసే లెక్కలోంచే పోతుంది. పెద్ద ఇంజిన్ పెట్టుకున్నకొద్దీ వీపు మీద మోసేది తగ్గుతుందన్నమాట. స్టిక్కర్ ఫొటో చూసి నాన్న పెదవి విరిచాడు. "మనుషులెక్కితే మిగిలేదేటీ లేదు."

తొట్టి పొడుగు ఇంకో తలనొప్పి. తొట్టి పొట్టిదైతే గట్టి మలుపులో ట్రైలర్ మూల వచ్చి క్యాబిన్ వెనక అద్దాన్ని తాకుతుంది. దానికి వెనక్కి జరిగే ప్లేట్లు ఉన్నాయి, ఖరీదు వేరు. చివరికి పొడుగు తొట్టి ఉన్న వన్ టన్ బండి, వాడినది, తీసుకున్నారు. ట్రైలర్‌ని 32 నుంచి 28 అడుగులకి దించారు. గోడ జరిగే హాలు పోయింది. "అత్తయ్యకి ఆ హాలే నచ్చిందే" అని నా ఫ్రెండ్ మూలిగింది. "హాలు ఆగదమ్మా, బ్రేకు ఆగుతాది" అన్నాడు నాన్న. ఏమర్థమైందో గానీ తను పడీపడీ నవ్వింది.

ఈ గొడవలో నాకు పురుగు కుట్టింది. మనం కూడా తీసుకుంటే?

కారణం అమ్మ. నాన్న పాతికేళ్ళు దేశం తిరిగాడు, అమ్మ గాజువాక దాటింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. "నాకు ప్రయాణాలు పడవులే" అనేది. ఎందుకు పడవో ఆడపిల్లలకి విడమరిచి చెప్పక్కర్లేదు. నైట్ బస్సులో వైజాగ్ నుంచి హైదరాబాద్ వచ్చేటప్పుడు నేను కూడా సాయంత్రం నాలుగు తర్వాత నీళ్ళు ముట్టను. బస్సు ఆపిన చోట బాత్రూమ్ ఎలా ఉంటుందో, అసలు ఉంటుందో లేదో. అమ్మయితే ముందురోజు రాత్రి నుంచే మానేస్తుంది. పోయినసారి అలా వచ్చి యూరిన్ ఇన్‌ఫెక్షన్‌తో మూడ్రోజులు సెలైన్ ఎక్కించుకుంది. డాక్టరు "నీళ్ళు బాగా తాగాలమ్మా" అంటే బుద్ధిగా తలూపింది. ఇంట్లో తాగుతుంది. ప్రయాణం అనగానే మళ్ళీ మామూలే.

ఫ్లాట్ డౌన్ పేమెంట్ కోసం నేను దాచిన 14 లక్షలున్నాయి. ఎక్సెల్ తెరిచాను. మా జాతికి తెలిసిన పూజ అదొక్కటే కదా. 41 కాలమ్స్. హార్స్‌పవర్, టార్క్, మైలేజీ, ఫోర్ వీల్ డ్రైవ్ ఉందా లేదా. మన దగ్గర ఇంటివాడుకకి దొరికే పికప్‌లు రెండే గట్టిగా కనిపించాయి. ఒకటి ఇసుజు వీ-క్రాస్. ఇది మన శ్రీసిటీలోనే తయారవుతుంది, 2016 నుంచి అక్కడ ఫ్యాక్టరీ నడుస్తోంది. రెండోది టొయోటా హైలక్స్, 2022లో వచ్చింది. రెండూ కొత్తవైతే నా 14 లక్షలు ఎటూ చాలవు. సెకండ్ హ్యాండ్ కాలమ్ ఇంకోటి కలిపాను. 42.

నాన్న అద్దాలు పెట్టుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. అంతా చూసి ఒక్క మాటన్నాడు. "ఇందులో ట్రైలర్ బరువేదీ?"

లేదు. 42 కాలమ్స్‌లో అదే లేదు. ముందు ఇంట్లో ఏమేం కావాలో రాసుకుని, తూచి, అప్పుడు దాన్ని మోసే ట్రైలర్, ఆ తర్వాత ఆ ట్రైలర్‌ని మోసి ఆపే బండి. వరస అదట. నేను బండి దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్తున్నాను.

మిగతా చిక్కులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. వాహన్‌లో క్యాంపర్ వ్యాన్ లేదా ట్రైలర్, సొంత వాడుకకి, అని ఒక తరగతి ఉంది. చట్టం వద్దనలేదన్నమాట. కానీ ట్రైలర్‌కి వేరే నంబరు, వేరే ఇన్సూరెన్స్. ఆటోనగర్‌లో తెలిసిన వెల్డరు చేత చేయించుకుంటానంటే కుదరదు, ఆమోదం పొందిన డిజైనే ఉండాలి. పికప్ తొట్టిలో ప్లేటు బిగించడం కూడా బండిని మార్చడం కిందికి రావచ్చు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దాని గురించే. వీటి తొట్టి ఇంచుమించు అయిదడుగులు, మావాళ్ళ పికప్‌ది ఎనిమిది. ఇక్కడ దొరికే పికప్‌కి సరిపోయే ఫిఫ్త్‌వీల్ ఇల్లు నాకైతే అమ్మకానికి ఒక్కటీ కనిపించలేదు.

ఇవన్నీ ఒకెత్తు, మా వీధి ఒకెత్తు. కొత్తగూడ నుంచి మా అపార్ట్‌మెంట్‌కి వచ్చే సందులో ఒకపక్క పానీపూరీ బండి, ఒకపక్క వాటర్ ట్యాంకర్. స్కూటీ తిప్పాలంటే రెండుసార్లు కాళ్ళు కింద పెట్టాలి. "ట్రైలర్ రివర్స్ అంటే తెలుసా నీకు? స్టీరింగ్ కుడికి తిప్పితే ఎనకది ఎడమకెళ్తాది" అని నాన్న అగ్గిపెట్టెలు రెండు పెట్టి చూపించాడు. పార్కింగ్ గురించి అసోసియేషన్ ప్రెసిడెంట్‌ని మాటవరసకి అడిగాను. ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

అయినా నాన్న "పద, తూచుదాం" అన్నాడు. నిజంగానే. ఒక ఆదివారం నా కారులో అమ్మని, రాసుకున్న సామానంతా వేసుకుని పటాన్‌చెరు వైపు ఒక కాటా దగ్గరికి తీసుకెళ్ళాడు. లారీలు తూచే వేబ్రిడ్జి. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండు, గ్యాస్ సిలిండర్, పాతిక కిలోల బియ్యం బస్తా, రెండు మడత మంచాలు, టెంటు, బట్టలు, మిక్సీ, ఆవకాయ. ముందున్న టిప్పర్ దిగాక మా కారు ఎక్కింది. కాటా కుర్రాడు కిటికీలోంచి తొంగిచూసి "మేడం, దారి తప్పారా?" అన్నాడు. నాన్న "తూచరా బాబూ" అన్నాడు. చాలా ఏళ్ళ తర్వాత ఆ గొంతు విన్నాను. నా చిన్నప్పుడు మెయిన్ రోడ్డు మీద క్లీనర్‌తో మాట్లాడే గొంతు.

చీటీ మీద 1,550 కిలోలు. కారుకి కంపెనీ పెట్టిన గరిష్ఠ బరువు 1,600. ఏమీ లాగకుండానే, ఇంట్లో సామాన్లకే, నా కారుకి మిగిలింది యాభై కిలోలు. సిలిండర్ ఒక్కటే గ్యాసుతో కలిపి ముప్పై దాకా ఉంటుంది, నీళ్ళు లీటరుకి కిలో, ఇవన్నీ బడిలో చదువుకున్నవే. కూడాలని ఎప్పుడూ తోచలేదు.

తిరిగొస్తూ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాం. నానక్‌రామ్‌గూడ దగ్గర అద్దాల టవర్లు కనిపించగానే నాన్న మెల్లిగా అన్నాడు, "ఈటిలో కొన్నిటికి కడ్డీ నేనే తెచ్చాను. అప్పుడంతా బండరాళ్ళే ఇక్కడ." పగలు లారీల్ని ఊళ్ళోకి రానిచ్చేవారు కాదు, రాత్రి దించేసి తెల్లారకముందే వెళ్ళిపోవాలి. అందుకే హైటెక్ సిటీని ఆయన ఎప్పుడూ పగలు చూడలేదట. నాది అమెరికా షిఫ్టు. నేనూ చాలా రోజులు రాత్రే చూస్తాను. ఆ మాట చెప్పలేదు ఆయనకి. కాలేజీలో ఏం చెప్పేదాన్నో కూడా చెప్పలేదు.

"నీకు అసలు ఏం కావాలమ్మా ఇందులో?" అని అమ్మని అడిగింది ఆ కారులోనే. ఇన్ని వారాల్లో అదే మొదటిసారి అడగడం.

"నాకు ఇల్లెందుకే? ఇంట్లోనే కదా ఉంటున్నాను. బాత్రూమ్ ఉంటే చాలు."

ఎక్సెల్ మూసేశాను. 14 లక్షలు ఎక్కడివక్కడే ఉన్నాయి. హైదరాబాద్‌లో క్యారవాన్ అంటే షూటింగుల్లో హీరోలు కూర్చునేదే అనుకుంటాం కానీ, డ్రైవర్‌తో సహా అద్దెకిచ్చేవాళ్ళు ఉన్నారు. ఒకే చట్రం మీద అన్నీ ఉండే మోటార్ క్యారవాన్, వెనక తగిలించేది ఏమీ ఉండదు. సొంతంగా నడుపుకునేది దొరికినా, 7,500 కిలోల లోపు బండికి మామూలు కారు లైసెన్సు చాలు. రవాణా బండైనా సరే వేరే ముద్ర అక్కర్లేదని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కానీ సుంకి ఘాట్ కథ విన్నాక నేను స్టీరింగ్ పట్టుకునే సాహసం చెయ్యలేదు. బుక్ చేసేటప్పుడు మాత్రం నాన్న నేర్పిన ప్రశ్నలే అడిగాను. నీళ్ళ ట్యాంకు ఎన్ని లీటర్లు? మురుగు ట్యాంకు ఎన్ని, ఎక్కడ ఖాళీ చేస్తారు, ఎవరు చేస్తారు? నిండుగా ఉంటే బండి బరువెంత? టైర్లు ఎన్నేళ్ళవి? అవతలాయన మొదట విసుక్కున్నాడు, చివరికి "మేడం, మీది ట్రాన్స్‌పోర్ట్ బిజినెస్సా?" అన్నాడు.

"మా నాన్న ట్రైలర్ డ్రైవరండీ" అన్నాను.

డిసెంబరులో నాలుగు రోజులు వెళ్ళాం. సూర్యాపేట, విజయవాడ, రాజమండ్రి మీదుగా తుని. నాన్న ముందు సీట్లో డ్రైవర్ పక్కన కూర్చుని, టైరు చప్పుడు విని గాలి తక్కువుందని పసిగట్టి, ఆపించి కొట్టించాడు. తను పడుకున్న ధాబాలన్నీ అమ్మకి చూపించుకుంటూ వచ్చాడు. సగం మూతపడ్డాయి. "ఇక్కడ ఇలా మంచమేసుకుని పడుకునేవాణ్ని" అంటే, అమ్మ కిటికీలోంచి ఆ ఖాళీ పాక వైపు చాలాసేపు చూసింది. విజయవాడ దాటేసరికి లీటరు సీసా ఖాళీ. నేనేం అనలేదు. రెండోది తీసి పక్కన పెట్టాను.

తుని దగ్గర లోవ తలుపులమ్మ తల్లి గుడి మీకు తెలిసే ఉంటుంది. బళ్ళవాళ్ళ దేవత. కొత్త బండి కొన్నా, కొత్త డ్యూటీ ఎక్కినా అక్కడ కొబ్బరికాయ కొట్టాల్సిందే. ప్రతి ట్రిప్పుకీ అమ్మ కొబ్బరికాయ డబ్బులు విడిగా మడిచి నాన్న జేబులో పెట్టేదట. పాతికేళ్ళు డబ్బులు పంపింది, గుడి మాత్రం చూడలేదు. క్యారవాన్ ఆగగానే పిల్లలు చుట్టూ మూగారు. "హీరో ఎవరండీ? ఏ సినిమా?" ఒక కుర్రాడు సెల్ఫీ కోసం ఫోన్ కూడా తీశాడు. అమ్మ మెట్లు దిగుతూ నాన్న వైపు చెయ్యి చూపించింది. "ఈయనే." తెల్ల జుట్టు, లుంగీ, మందపాటి కళ్ళద్దాల హీరోని చూసి పిల్లలు మొహాలు చూసుకున్నారు. నాన్న సిగ్గుపడి బండి అవతలికి వెళ్ళిపోయాడు.

అక్కడ డాలస్‌లో అత్తయ్యా మామయ్యా గ్రాండ్ కాన్యన్ చూసి, పచ్చడన్నం తిని, ఇండియా వచ్చేశారు కూడా. నా ఫ్రెండ్ వాళ్ళు ట్రైలర్ అమ్మలేదు, నెలకోసారి ఎక్కడికో వెళ్తూనే ఉన్నారు. బయల్దేరే ముందు ఒక పని తప్పకుండా చేస్తారు. తగిలించాక టార్చి వేసి, కింగ్ పిన్ చుట్టూ దవడలు మూసుకున్నాయా లేదా అని ఫొటో తీస్తారు. ఆ తర్వాత ట్రైలర్ బ్రేకులు పట్టించి పికప్‌ని మెల్లిగా ముందుకి లాగి, విడిపోతుందేమో చూస్తారు. రెండూ నాన్నకి పంపుతారు. ఊడితే ట్రైలర్‌కి దానంతటదే బ్రేకు పడే తీగ సంగతి కూడా ఒకసారి వీడియో తీసి పంపారు, చూసి మెచ్చుకున్నాడు. లాక్ పడిందనుకుని చూడకుండా కదిలిస్తే ఏమవుతుందో తన కళ్ళారా చూశానన్నాడు. ఎక్కడో, ఎవరిదో మాత్రం చెప్పలేదు.

మొన్న నా షిఫ్టు అయ్యేసరికి తెల్లవారుజాము మూడు దాటింది. నాన్న ఫోన్ మోగింది. మంచం మీద లేచి కూర్చుని, తలగడ కింద కళ్ళద్దాలు వెతుక్కుని పెట్టుకున్నాడు. ఫొటోని రెండు వేళ్ళతో పెద్దది చేసి ఎడమ దవడ చూశాడు, కుడి దవడ చూశాడు. ఇంకోసారి చూశాడు.

"పడింది. కదలమను" అన్నాడు నాతో.